చెట్టెక్కే ముక్క

పోయిన దసరాకి మా అమ్మ తెనాలి నుంచి బెంగళూరు వచ్చింది. వచ్చిన రెండో రోజే నా దిండు కింద పేక కట్ట ఆవిడ కంటపడింది. నన్నేమీ అనలేదు. మా ఆవిడని వంటింట్లోకి పిలిచి, "ఎంత పోగొట్టాడమ్మా?" అని మెల్లగా అడిగిందట. మా ఇంట్లో పేక బయటికి తీసేది సంక్రాంతికీ, శివరాత్రి జాగారానికీ మాత్రమే. మిగతా రోజుల్లో ముక్కలు పట్టుకున్నవాడు చెడిపోయినట్టే లెక్క. నేను నేర్చుకుంటున్నది పేకాట కాదు, పేకతో చేసే ఇంద్రజాలమని ఆవిడని నమ్మించడానికి ఆ పూటంతా పట్టింది.

అంతకు రెండు నెలల ముందు మా ఆఫీసులో ఒకాయన ఉద్యోగం మారుతుంటే అందరం కలిసి భోజనానికి వెళ్ళాం. అక్కడ ఒక తమిళ మిత్రుడు పేక తీశాడు. నన్నో ముక్క తీయమని, దాని మీద నా చేతే సంతకం పెట్టించాడు. నా కళ్ళెదుటే దాన్ని కట్ట మధ్యలోకి తోసి, పై ముక్క తిప్పాడు. నా సంతకం. మళ్ళీ మధ్యలోకి తోశాడు. మళ్ళీ పైనే ఉంది. ఇదంతా నా ముఖానికి జానెడు దూరంలో జరుగుతోంది. మూడోసారికి పక్కవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు, నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఆ రాత్రి నిద్ర పట్టక అతనికి మెసేజ్ పెట్టాను, నాకు నేర్పుతారా అని. రెండు శనివారాలు మా ఇంటికొచ్చి కూర్చుని నేర్పాడు. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో ఇప్పటికీ తెలియదు.

దీన్ని యాంబిషస్ కార్డ్ అంటారు. 1922లో షికాగోలో డై వెర్నన్ అనే ఇంద్రజాలికుడు, అప్పటికే పేరుమోసిన ఇంద్రజాలికుడైన హూడినీకి చూపించింది దీన్నే. ఏ ట్రిక్ అయినా మూడుసార్లు చూస్తే గుట్టు పట్టేస్తానని హూడినీ చెప్పుకునేవాడు. వెర్నన్ ఆయన చేతే ముక్క మీద పొడి అక్షరాలు రాయించి మళ్ళీ మళ్ళీ చూపించాడు. హూడినీకి అందలేదు. అంతటివాడి కళ్ళనే దాటిపోయిన విద్య అని విన్నాక, ఎన్ని నెలలైనా సరే దీన్ని వదలకూడదనుకున్నాను.

దీనికి ప్రాణం డబుల్ లిఫ్ట్. అంటే రెండు ముక్కల్ని ఒకే ముక్కలా ఎత్తి తిప్పడం. పేక మ్యాజిక్ నేర్చుకునేవాళ్ళకి ఇది తొలి పాఠాల్లోనే వస్తుంది కాబట్టి చెబుతున్నాను. చివర్లో వచ్చే మెలకువ మాత్రం నాకు నేర్పినతని సొత్తు, అది రాయను.

ఒక ముక్క మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఎడమ అరచేతిలో కట్ట పట్టుకుని, పైనున్న రెండు ముక్కల కింద చిటికెన వేలి కొస కండని దూర్చి సందు నిలపాలి. ఆ సందు నా వేలికి తెలియాలి, ఎదుటివాళ్ళ కంటికి తెలియకూడదు. గట్టిగా నొక్కితే కట్ట అంచు నోరు తెరుస్తుంది. వదులు చేస్తే సందు మూసుకుపోతుంది. మొదటి నెలంతా నా యుద్ధం ఆ వేలితోనే. కొసన ఎర్రటి గీత పడి, వేణ్ణీళ్ళు తగిలితే చురుక్కుమనేది. తర్వాత్తర్వాత అక్కడ చర్మం కాస్త మొద్దుబారింది.

మొదట ప్లాస్టిక్ రమ్మీ పేకతో మొదలుపెట్టాను. ఆ ముక్కలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. రెండు కలిపి తిప్పితే కింది ముక్క అంచు పక్కకి తొంగిచూసేది. బైసికిల్ అనే బ్రాండు పేక తెప్పించుకున్నాక తేడా తెలిసింది. ఆ ముక్కల మీద సన్నటి గుంటలుంటాయి, వాటిలో నిలిచే గాలి వల్ల అంటుకోకుండా సమంగా కదులుతాయి. కాకపోతే అది కాగితం. బెంగళూరు ఆగస్టు వానల్లో కిటికీ పక్కన మరిచిపోతే తెల్లారేసరికి గాలి తగిలిన అప్పడంలా మెత్తబడేది. స్టీలు డబ్బాలో వేసి మూత బిగించమని మా ఆవిడ చెప్పింది. అప్పట్నుంచి నా పేక పోపుల డబ్బా పక్కనే ఉంటోంది.

రోజూ మారతహళ్ళి నుంచి సిల్క్ బోర్డు వైపు బస్సులో వెళ్తాను. రింగు రోడ్డు ట్రాఫిక్ పుణ్యమా అని గంటసేపు ఎడమ చెయ్యి ఖాళీ. "ఏన్ సార్, రమ్మీనా?" అని పక్క సీట్లోవాళ్ళు అడిగేవారు. అద్దం ముందు చేసుకుంటే బాగానే కనిపించేది. ఒకరోజు ఫోన్లో వీడియో తీసుకుని చూశాను. ముక్కలు తిప్పే సరిగ్గా ఆ క్షణంలో నేను కళ్ళు మూసేస్తున్నాను! మూసిన కళ్ళతో అద్దంలో ఏం కనిపిస్తుంది? చేసే మోసాన్ని నా కంటి నుంచి నేనే దాచుకుంటున్నానన్నమాట. అద్దం పక్కన పెట్టేశాను.

నవంబరులో మా అంతస్తులో ఉండే ఏడో తరగతి పిల్లాడికి మొదటిసారి చూపించాను. రెండోసారి ముక్క తిప్పగానే "అంకుల్, అక్కడ రెండున్నాయి" అన్నాడు. చేతులు చల్లబడిపోయాయి. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, వేళ్ళు మరీ అంత తప్పు చేయలేదు. ఆ క్షణంలో నేనే నా చేతుల వంక ఆందోళనగా చూశాను. మనం ఎటు చూస్తే ఎదుటివాళ్ళూ అటే చూస్తారు. నేను తలెత్తి వాడి ముఖం చూసి మాట్లాడి ఉంటే వాడూ తలెత్తేవాడు. కానీ మాట్లాడటానికి నా దగ్గర మాటలేవీ? ఇంగ్లీషు వీడియోల్లో విన్నవి బట్టీ పట్టాను. మనవాళ్ళ ముందు అవి అతకలేదు. "పైకి రావాలని ఆరాటపడే ముక్క" అని తెలుగులో చెప్పి చూశాను. అదీ ఎవరికీ ఎక్కలేదు.

ఒక రాత్రి మా ఆవిడ పక్కగదిలో పాపకి విక్రమార్కుడి కథ చెబుతోంది. నేను ముందుగదిలో పేక తిప్పుకుంటున్నాను. కథ చివరికొచ్చి, రాజు నోరు తెరవగానే బేతాళుడు శవంతో సహా మళ్ళీ చెట్టెక్కేశాడని చెప్పింది. నా చేతులు ఆగిపోయాయి. దించినకొద్దీ పైకెక్కేవాడు మనకి చిన్నప్పట్నుంచీ తెలిసినవాడే కదా! పేక చెట్టు, ఎంచుకున్న ముక్క బేతాళుడు, ముక్క తీసినవాళ్ళు విక్రమార్కుడు. వాళ్ళు దాన్ని దించి మధ్యలో పెడతారు. నేనొక ప్రశ్న అడుగుతాను. వాళ్ళు జవాబు చెప్పగానే మౌనం భంగమైంది కాబట్టి ముక్క చెట్టెక్కుతుంది. అన్నిటికంటే నాకు కావలసింది ఇందులో ఒకటుంది. ప్రశ్న వేస్తే ఎవరైనా జవాబు కోసం తలెత్తి అడిగినవాడి ముఖంలోకి చూస్తారు. నా చిటికెన వేలికి ఆ అర సెకను చాలు.

శివరాత్రి నాడు మా అపార్టుమెంటు కింది హాల్లో తెలుగువాళ్ళం జాగారం పెట్టుకున్నాం. లింగోద్భవ పూజ అయ్యాక చాపలు పరిచారు. ఒక మూల రమ్మీ, ఇంకో మూల పిల్లల అంత్యాక్షరి. ముందు పిల్లలకి చూపించాను, హాయిగా జరిగిపోయింది. అప్పుడు రాజమండ్రి బామ్మగారు నాకూ చూపించమని చాప దగ్గరికి జరిగి కూర్చున్నారు. ఎనభై దాటిన మనిషి. ఏడు ఆఠీను తీశారు. సంతకం పెట్టమంటే మార్కరుతో "శ్రీ" అని రాశారు.

మొదటిసారి ముక్క పైకి రాగానే ఆవిడకి సంగతి అర్థమైంది. రెండోసారి ప్రశ్న వేస్తే పెదవులు బిగించి కూర్చున్నారు. చుట్టూ చేరినవాళ్ళకి ఒకటే నవ్వులు. "తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి వక్కలవుతుంది బామ్మగారూ" అన్నాను. "అయితే అది తెలిసినవాడు మా మనవడే నాయనా, అప్పుడే నిద్రపోయాడు" అన్నారు, నా చేతుల మీంచి చూపు కదల్చకుండా. ఇంకో ప్రశ్న వేశాను. దానికీ అంతే. ఆవిడ చూపు నా ఎడమ చేతికి మేకులా దిగబడి ఉంది. నాకు టెన్షన్ మొదలైంది.

పేకని చాప మీద పెట్టేశాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. "బామ్మగారూ, మీ చిన్నప్పుడు జాగారానికి ఏం చేసేవారు?" అని అడిగాను. అది ట్రిక్ కోసం తయారుచేసుకున్న ప్రశ్న కాదు, నిజంగానే అడగాలనిపించింది. ఆవిడ తలెత్తారు. కోటిలింగాల రేవుకి నాన్నగారి భుజాల మీద వెళ్ళడం, తెల్లవారుజామున గోదావరి చలి, గంపలో చిలగడదుంపలు, ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. వింటూ వింటూ పేక చేతిలోకి తీసుకున్నాను. చలికి నాన్నగారి కండువా కప్పుకుని వణికేదాన్నని చెబుతున్నప్పుడు నేనూ ఆ రేవులోనే ఉన్నాను. వేలు తన పని తాను ఎప్పుడు చేసుకుందో నాకే తెలియలేదు. ఆరు నెలల్లో మొదటిసారి దానికి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ముక్కని ఆవిడ చేతే మధ్యలోకి తోయించాను. "పైది మీరే తీయండి" అన్నాను. వణికే వేళ్ళతో తిప్పారు. ఏడు ఆఠీను, దాని మీద శ్రీ. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. ముక్కని దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాదే కదా, తీసుకుంటా" అని కళ్ళజోడు పెట్టెలో పెట్టేసుకున్నారు.

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆ కట్టలో ఇప్పుడు ఏడు ఆఠీను లేదనీ, ఇక అది రమ్మీకి పనికిరాదనీ కూడా చెప్పాను. "మంచిదే నాయనా, ఉగాదికి దాన్నే పట్టుకురా" అంది.