20 సెంట్ల కూరల తోట: కార్తీకంలో చిక్కుడు, పేనుబంక, జీవామృతం

నూజివీడు దగ్గర, మామిడి తోట పక్కనున్న మా 20 సెంట్ల ఎర్రనేలలో ఈ నెల పనులు ఎక్కడిదాకా వచ్చాయో రాస్తున్నాను. కార్తీకంలో చాలా ఇళ్లలో నీచు ముట్టరు కాబట్టి కూరలకు మంచి గిరాకీ. అది చూసుకునే ఆకుకూరలన్నీ ఒకేసారి చల్లకుండా వారానికో మడి చొప్పున చల్లుకుంటూ వచ్చాం. మెంతికూర మూడు వారాలు దాటితే చేతికొస్తుంది, తోటకూరకు ఇంకో వారం పడుతుంది, గోంగూర గిల్లేకొద్దీ ఇగురేస్తూనే ఉంటుంది. వారంవారం ఏదో ఒకటి బుట్టలో ఉండాలి, లేకపోతే వాడుకగా కొనేవాళ్లు వేరేచోట చూసుకుంటారు.

ఈసారి అసలు సంగతంతా చిక్కుడు పందిరి దగ్గరే ఉంది. మబ్బు పట్టి చలి మొదలవగానే లేత చిగుళ్లకు, పూత కాడలకు నల్ల పేనుబంక పట్టేసింది. చీమలు బారులు కట్టి ఏ తీగ ఎక్కుతున్నాయో చూస్తే చాలు, పేను ఎక్కడుందో తెలిసిపోతుంది, దాని తీపి జిగురు కోసమే అవి వచ్చేది. మరీ ముద్దకట్టిన చిగుళ్లు తుంచి దూరంగా పారేశాం, మిగతావాటిని పైపు నీళ్లతో గట్టిగా కొట్టాం, అంతే. కషాయం ఏదీ కొట్టలేదు. ఎందుకంటే ఆకు కింద పసుపుపచ్చని సన్నటి గుడ్లు గుంపుగా నిలబెట్టినట్టు కనిపించాయి, అవి అక్షింతల పురుగు (లేడీబర్డ్) పెట్టినవి. ఆ గుడ్లలోంచి వచ్చే పిల్ల తల్లిలా గుండ్రంగా ఎర్రగా ఉండదు, పొడుగ్గా నల్లగా నారింజ మచ్చలతో బుల్లి మొసలిలా ఉంటుంది. పనికొచ్చే పెద్దమ్మ చూసి, “ఇదేదో కొత్త పురుగు పట్టిందయ్యా, నలిపేయనా?” అంది. “వద్దు పెద్దమ్మా, పేనును తినేది ఇదే” అని ఒకదాన్ని వేలిమీద ఎక్కించి చూపించాను. పెద్ద పురుగుకన్నా ఈ పిల్లలకే ఆకలెక్కువ, వేప ద్రావణం కూడా వీటికి పడదు. వారం తిరిగేసరికి కొత్త చిగుళ్లు శుభ్రంగా వచ్చాయి, కాయ దిగుతోంది.

వంగలో మాత్రం ఇలా వదిలేయకూడదు. అక్కడ కనిపించే అక్షింతల పురుగు వేరే రకం, మెరుపు లేకుండా మట్టిరంగులో, సన్నటి నూగుతో, ఒంటినిండా చుక్కలతో ఉంటుంది. దాని పిల్ల పసుపుపచ్చగా ముళ్లుముళ్లుగా ఉండి, ఆకు పచ్చదనం గీకి జల్లెడ చేసేస్తుంది. పొద్దున్నే ఏరి సబ్బునీళ్లలో వేస్తున్నాం. వాలిపోయిన వంగ కొమ్మలు కూడా అప్పుడే కాస్త కిందికి తుంచేస్తే లోపలున్న తొలిచే పురుగు దాంతోపాటే పోతుంది.

పేడ, మూత్రం పులియబెట్టి నేలకిచ్చే జీవామృతం కొలతలు చాలామంది అడుగుతున్నారు. ప్రకృతి వ్యవసాయంలో ఎకరానికి 200 లీటర్ల లెక్క చెప్తారు, మా 20 సెంట్లకు అందులో ఐదో వంతు చాలు. 40 లీటర్ల నీళ్లు, 2 కిలోల నాటు ఆవు పేడ, లీటరు నుంచి 2 లీటర్ల మూత్రం, 400 గ్రాముల నల్ల బెల్లం, 400 గ్రాముల శనగపిండి, మందులు పడని గట్టు మట్టి ఓ పిడికెడు. గోనెపట్టా కప్పి నీడలో 48 గంటలు ఉంచి, ఉదయం సాయంత్రం కర్రతో ఒకేవైపు తిప్పాలి. వారం లోపు వాడేయాలి, మేం రెండు వారాలకోసారి పారే నీళ్లతో కలిపి ఇస్తున్నాం.

ఇంక ఆచ్ఛాదన, అంటే మొక్కల చుట్టూ నేలను ఆకూ గడ్డీతో కప్పడం. రాలిన మామిడాకు దండిగా దొరుకుతుంది, కానీ మందం కదా, తొందరగా కుళ్లదు, అందుకే దాన్ని వంగ, చిక్కుడు మొదళ్లకే వేస్తాం. ఆకుకూర మడుల్లో వరుసల మధ్య వరిగడ్డి పల్చగా పరిస్తే వానకు ఎర్రమట్టి ఆకుల మీదికి చిమ్మదు. కట్టలు కడిగే పని సగానికి సగం తగ్గింది, తడిపిన కట్టలకన్నా ఇవి సాయంత్రం దాకా వాడిపోకుండా నిలబడుతున్నాయి కూడా.

టెన్షన్ పెడుతున్నది ఒక్కటే. మామిడి పూతకొచ్చాక పక్క తోటలో తేనెమంచు పురుగుకు మందు కొడతారు, గాలి ఇటు తిరిగితే ఆ తుంపర మా మీదే పడుతుంది, తేనెటీగలు పోతే సంక్రాంతి తర్వాత వేసే బీరకు, సొరకు పిందె నిలవదు. కొట్టే ముందు రోజు చెప్పమని పక్కాయనతో మాట్లాడాం, సరేనన్నారు. అయినా ఆ గట్టు వెంబడి నాలుగు సాళ్లు జొన్న ఒత్తుగా వేస్తున్నాం, పూత టైముకి మనిషెత్తు వస్తే తుంపరను కొంతైనా ఆపుతుంది. దుక్కి అయిపోయింది, నేలలో పదును ఉండగానే ఈ ఆదివారం విత్తనం వేసేస్తాం.