ఖలాస్

మొన్న పొద్దున వంటింట్లో మైదా పిండి కలుపుతున్న మా అమ్మ చెయ్యి పట్టుకుని "ఖలాస్!" అని గట్టిగా అరిచాను. కువైట్ నుంచి సెలవు మీద కడపకు వచ్చి అప్పటికి నాలుగు రోజులే. అమ్మ గరిటె అట్లాగే పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"ఎవరు పోయినారు పాపా?" అంది.

అక్కడ ఖలాస్ అంటే చాలు, అయిపోయింది, ఇంక ఆపు. రోజుకు వందసార్లు వినే మాట. మనకేమో మనిషి పోతే అనే మాట. అందరం నవ్వుకున్నాం గానీ, ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. తొమ్మిదేళ్ల కింద ఇదే మాట, ఇదే గొంతుతో, ఇట్లాగే చెయ్యి పట్టుకుని ఒకావిడ నన్ను అంది. ఆ ఉక్రోషం నాకు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

20 నంబరు వీసా మీద ఇంటి పనికి పోయిన మొదటి ఏడాది అది. ఇంటావిడను మామా అనాలి, ఇంటాయనను బాబా అనాలి. (ఆడమనిషిని మామా అని పిలవడానికి నోరు తిరిగేసరికే నెల పట్టింది.) వంటింటి పెత్తనమంతా ఫిలిప్పీన్స్ ఆవిడది. ఆమెను అందరూ ఆతె అంటారు, వాళ్ల భాషలో అక్క అని. ఒక శుక్రవారం పిల్లలకు వాఫిల్స్, అంటే గళ్ల అచ్చులో పోసి కాల్చే అట్లు, చేద్దామంది. ప్యాకెట్ పిండి కాదు, పాతకాలం పద్ధతిలో అంతా మనమే కలుపుకోవాలి. రెండు కప్పుల మైదా, నాలుగు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, కొంచెం చక్కెర, ఉప్పు. వేరే గిన్నెలో రెండు గుడ్ల పచ్చసొన, కప్పుంముప్పావు పాలు, అరకప్పు కరిగించిన వెన్న. తెల్లసొనను విడిగా నురగ గట్టిపడి నిలబడేదాకా గిలక్కొట్టి ఆఖరున మెల్లగా కలపాలి. ఆ గిలక్కొట్టే పని తను పెట్టుకుని, మైదాలో పాలు పోసి కలపమని నాకు ఇచ్చింది.

పిండి కలపడం నాకు కొత్తా? వడల పిండిని చేత్తో గిరగిరా కొట్టి, గోలీ అంత తీసి నీళ్లలో వేస్తే తేలేదాకా వదలని చెయ్యి ఇది. ఉండ కనిపిస్తే మా జేజి ఊరుకునేదా! అందుకే ఒక్క ఉండ లేకుండా పట్టులాగా తిప్పుతా ఉన్నా. ఆతె ఇటు తిరిగి చూసింది, వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఖలాస్! ఖలాస్!"

అప్పటికే ఆలస్యమైంది. మొదటి వాఫిల్ తోలు మాదిరి వచ్చింది, కొరికితే సాగింది. ఆతె ఏమీ అనకుండా ఆ పిండితో అయినవన్నీ పక్కన పెట్టుకుని, పిల్లలకు మళ్లీ కొత్తగా కలిపి పోసింది. మామాకు చెప్పలేదు. మధ్యాహ్నం నిలబడే ఆ తోలు ముక్కలు టీలో ముంచుకుని తినింది. తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

తప్పు నాదే, కాదనను. ఉద్దిపిండిని ఎంత తిప్పితే అంత గాలి పట్టి గుల్లగా వస్తుంది. అందులో గోధుమకుండే బంక లేదు. మైదా అట్లా కాదు. తడి తగిలాక తిప్పేకొద్దీ బంక సాగుతుంది. పరోటాకు అదే కావాలి, దీనికి అదే కొంప ముంచుతుంది. పైగా బేకింగ్ పౌడర్ తడవగానే బుడగలు వదలడం మొదలవుతుంది, తిప్పితే అవి పోతాయి. చిన్న చిన్న ఉండలు ఉన్నా పర్వాలేదు, కాలేటప్పుడు అవే సర్దుకుంటాయి. ఇంతే కదా, ఈ నాలుగు మాటలు చెప్పొచ్చు కదా అని ఎన్నాళ్లో అనుకున్నా. ఏ భాషలో చెబుతుంది? యల్లా (పద), ఖలాస్, మాఫీ (లేదు)... మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి ఇట్లాంటి పది మాటలే.

మరి మొన్న మా అమ్మకు తెలుగు వచ్చు, నాకూ వచ్చు. అయినా ఏమీ చెప్పకుండా చెయ్యి పట్టుకుని అరిచాను. "పిండి కలిపేది నాకు నేర్పుతావా?" అంది అమ్మ. ఆ రోజు కువైట్లో నా గొంతులో ఆగిపోయిన మాట సరిగ్గా ఇదే.

పొయ్యి మీద పెట్టే ఇనుప అచ్చు కువైట్లో జుమ్మా సూక్‌లో, అంటే శుక్రవారం సంతలో, కొని తెచ్చాను. అటూ ఇటూ తిప్పి కాల్చే ఇట్లాంటి అచ్చుకు అమెరికాలో ట్రాయ్ ఊరి కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ అనే ఆయన 1869లో పేటెంట్ తీసుకున్నాడని ఫోన్లో చదివాను. మన పొంగణాల పెనానికి ఎవరైనా తీసుకున్నారో లేదో తెలీదు. దానికి పట్టించినట్టే దీనికీ నూనె పట్టించి, పొగ వచ్చేదాకా కాల్చి పిండి పోశాం. తొందరపడి తెరిస్తే వాఫిల్ రెండుగా చీలుతుంది. అంచుల్లోంచి ఆవిరి రావడం ఆగితే అయినట్టు. అమ్మ కలిపిన పిండి సగం దాకా తోలే. నేను ఆతె మాదిరి నోరు మూసుకుని అవే తిన్నా. నాన్న చెనిక్కాయల చట్నీ అడిగాడు.

సాయంత్రం అమ్మ మైదుకూరు చిన్నమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. "మైదా పిండి ఎక్కువ తిప్పగూడదమ్మే, బంక సాగుతాది. ఉండలుండంగానే ఖలాస్ అని వదిలెయ్యాల... ఎవురూ పోలేదులే, నువ్వు ముందు ఇను."