సూపర్ కాల్ మరిచిపోయే వీలే లేకుండా: నా అనుభవం

ఆండ్రాయిడ్‌లో ఆన్‌స్టాప్‌ను (స్క్రీన్ కనుమరుగైనప్పుడు నడిచే మెథడ్‌ను) చైల్డ్ క్లాసులో ఓవర్‌రైడ్ చేసి, అంటే తిరగరాసి, సూపర్‌ను (పేరెంట్ క్లాసులోని అసలు మెథడ్‌ను) పిలవకపోతే యాప్ సూపర్‌నాట్‌కాల్డ్‌ఎక్సెప్షన్‌తో అక్కడికక్కడే క్రాష్ అవుతుంది. మనం సొంతంగా రాసుకున్న మెథడ్‌కు ఆ కాపలా ఉండదు. నేను సరిచేసిన కోట్లిన్ ప్రాజెక్టులో బేస్ యాక్టివిటీ తన ఆన్‌స్టాప్ నుంచి రిలీజ్ అనే ఓపెన్ (ఓవర్‌రైడ్ చేయనిచ్చే) మెథడ్‌ను పిలిచేది. సిస్టమ్, యాప్‌లు పంపే సందేశాలు వినే బ్రాడ్‌కాస్ట్ రిసీవర్‌ను అన్‌రిజిస్టర్ చేసేది అందులోనే. కెమెరా స్క్రీన్ దాన్ని ఓవర్‌రైడ్ చేసి, కెమెరా మూసి, సూపర్ వదిలేసింది. కంపైలర్ కిమ్మనలేదు. స్క్రీన్ మూశాక లాగ్‌క్యాట్‌లో (ఆండ్రాయిడ్ లాగ్‌లో) ఇంటెంట్‌రిసీవర్, అంటే ఆ రిసీవరే, లీకైందన్న ఎర్రర్ పడింది, యాప్ మాత్రం నడుస్తూనే ఉంది. టెస్టర్ కంటికి ఇది ఆనదు.

మొదట బేస్ మెథడ్‌కు, సూపర్ పిలవాల్సిందేనని చెప్పే కాల్‌సూపర్ యానొటేషన్ తగిలించాను. కోడ్‌ను నడపకుండానే తప్పులు వెతికే లింట్ వెంటనే మిస్సింగ్‌సూపర్‌కాల్ అనే తప్పు చూపించింది. అయితే డీబగ్ బిల్డ్ చేసే అసెంబుల్‌డీబగ్‌తో లింట్ నడవదు కాబట్టి సీఐలో (కోడ్‌ను ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసి పరీక్షించే చోట) ఆ టాస్క్‌ను విడిగా పెట్టాలి. పైగా సూపర్ ముందు పిలిచారా, చివర పిలిచారా అన్నది లింట్ పట్టించుకోదు. వనరులు వదిలేటప్పుడు ఆ వరుసే ముఖ్యం.

ఆన్‌స్టాప్‌కు ఫ్రేమ్‌వర్క్ చేసినట్టు ఒక ఫ్లాగ్‌ను ఫాల్స్ చేసి, మెథడ్ పిలిచాక ట్రూ అయిందో లేదో చూడొచ్చు. కానీ ఆ తప్పు కోడ్ నడిచినప్పుడే బయటపడుతుంది. అంత రాసే బదులు సూపర్ అవసరమే తీసేయడం మేలు.

అదే చేశాను. రిలీజ్ ముందున్న ఓపెన్ తీసేశాను. దాని లోపల ట్రైలో ఆన్‌రిలీజ్ అనే ఖాళీ ప్రొటెక్టెడ్ ఓపెన్ మెథడ్‌ను పిలిచి, అన్‌రిజిస్టర్‌ను ఎలాగైనా నడిచే ఫైనల్లీలో పెట్టాను. చైల్డ్ క్లాస్ ఎక్సెప్షన్ విసిరినా రిసీవర్ వదులుతుంది. ఓపెన్ పోగానే, ఓవర్‌రైడ్ చేసిన ప్రతి చోటా కంపైలరే ఎర్రర్ ఇస్తుంది. మార్చాల్సిన ఫైళ్ల జాబితా అదే.

మూడో తరం (చైల్డ్ క్లాసుకు చైల్డ్) క్లాసులతోనే చిక్కు. కోట్లిన్‌లో ఓపెన్ క్లాసులోని ఓవర్‌రైడ్ తనూ ఓపెన్‌గానే ఉంటుంది. మధ్య క్లాసులో ఫైనల్ ఓవర్‌రైడ్ (ఇక తిరగరాయనివ్వనిది) అని రాసి, కింది వాళ్లకు కొత్త హుక్ (ఆన్‌రిలీజ్ లాంటి ఖాళీ ఓపెన్ మెథడ్) ఇవ్వాలి. అంతకన్నా లోతైతే వారసత్వం వదిలేసి, ప్రతి క్లాసూ తన డిఫాల్ట్‌లైఫ్‌సైకిల్‌అబ్జర్వర్‌ను (ఆన్‌స్టాప్ లాంటి దశలు వచ్చినప్పుడు కబురందుకునే ఆబ్జెక్ట్‌ను) తానే జతచేసుకోవడం నయం. ఆన్‌స్టాప్ వేళ అబ్జర్వర్లను వెనక నుంచి ముందుకు పిలుస్తారు: చివర చేరిన కెమెరా ముందు మూతపడుతుంది, మొదట చేరిన బేస్ రిసీవర్ ఆఖరున వదులుతుంది.