పార్శ్వపు నొప్పి, శొంఠి పట్టు, ఎర్ర చుక్కలు

నాకు తలనొప్పి రాబోతోందంటే ముందు రోజే తెలిసిపోతుంది, ఊరికే ఆవలింతలు, మెడ పట్టేసినట్టుండటం, ఎందుకో తెలీకుండా ఇంట్లో అందరి మీదా చిరాకు. మర్నాడు ఎడమ కణత దగ్గర మొదలై కంటి వెనక్కి దిగుతుంది, ఇక అప్పుడు పక్కింట్లో పోపు వేసినా నాకిక్కడ వాంతి వచ్చేస్తుంది. మా తెనాలి వైపు దీన్ని పార్శ్వపు నొప్పి అంటారు, మైగ్రేన్ అనే మాట నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాకే విన్నా.

చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర మందు ఒకటే, శొంఠి కొమ్ము. సాన మీద నాలుగు చుక్కల నీళ్ళేసి అరగదీసి ఆ గంధం నుదుటికి పట్టు వేసేది. ముందు చల్లగా ఉండి తర్వాత మంట ఎత్తుకునేది, ఆరేకొద్దీ చర్మం లాగేసేది, కనుబొమ్మ కదిపితే పొడి రాలి కంట్లో పడేది. తగ్గేదా అంటే, చీకటి గదిలో కదలకుండా పడుకునేదాన్ని కదా, సగం దానివల్లే తగ్గేదేమో. శొంఠి లేకపోతే అమృతాంజనం. అది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది, ఆంధ్రపత్రిక పెట్టింది కూడా ఆయనే, అంటే మన పేపరు వెనక కూడా ఎంతోమంది తలనొప్పులున్నాయన్నమాట.

పెళ్ళయ్యాక ఇంకా చాలా అయ్యాయి. మా అత్తయ్య ఎవరో చెప్పారని తీసుకెళ్ళి ముక్కులో తుమ్మి ఆకు పసరు పోయించింది, అరగంట తుమ్ములే తుమ్ములు, నొప్పి ఎక్కడికీ పోలేదు. షడ్బిందు తైలం అని ఆయుర్వేదం నూనె ముక్కులో చుక్కలు వేయించుకున్నా, ఆర్నెల్లు హోమియో మాత్రలు చప్పరించా. ఇవేవీ నన్ను పాడుచెయ్యలేదు గానీ ఒక చోట ఇచ్చిన పొడి పొట్లాలతో మాత్రం భయపడ్డా. పేరు లేదు, లేబుల్ లేదు, వారంలో తలనొప్పి మాయం, నెలలో మొహం ఉబ్బిపోయింది. తర్వాత డాక్టరుగారు చూసి అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారని అనుమానపడ్డారు. మొక్కల మందుకి సైడ్ ఎఫెక్ట్ ఉండదు అనేవాళ్ళకి నేను బటర్‌బర్ అనే మొక్క మందు సంగతి చెప్తుంటా, అమెరికా న్యూరాలజీ అకాడమీయే 2012లో మైగ్రేన్ రాకుండా వాడొచ్చంది, లివర్ దెబ్బతింటోందన్న భయంతో 2015లో ఆ సలహా పక్కన పెట్టేసింది.

అలాగని ఇంగ్లీష్ మందుల దగ్గర నేనేం తెలివిగా ఉన్నానని కాదు. మెడికల్ షాపు కుర్రాడు నా మొహం చూసి అడక్కుండానే స్ట్రిప్ తీసిచ్చేవాడు. చివరికి న్యూరాలజిస్ట్ దగ్గరికెళ్తే తలనొప్పి ఎన్నిసార్లు వస్తుందని అడుగుతారనుకున్నా, ఆవిడేమో "నెలలో ఎన్ని రోజులు టాబ్లెట్ వేసుకుంటున్నావమ్మా" అన్నారు. ఏడెనిమిది అన్నా. వేసుకున్న రోజున క్యాలెండర్లో చుక్క పెట్టి రమ్మన్నారు. వంటింటి క్యాలెండర్లో తిథి కింద ఎర్ర పెన్నుతో పెట్టుకుంటూ పోయా, నెలాఖరుకి లెక్కేస్తే 19!

మామూలు పెయిన్‌కిల్లర్ నెలకి 15 రోజులు, మైగ్రేన్‌కని ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్ లాంటివైతే 10 రోజులు, అన్ని రోజులు గానీ అంతకు మించి గానీ మూడు నెలల పైన వాడితే ఆ మందే తలనొప్పి తెప్పిస్తుందట. అంటే నేను తగ్గించుకోవడానికి వేసుకుంటున్నదే మళ్ళీ రప్పిస్తోంది. ఆపేయమన్నారు, ఆపాక మొదటి పది రోజులు నరకం, లీవు పెట్టి ఇంట్లో పడున్నా.

రాకుండా ఉండటానికి ప్రొప్రనలాల్ ఇద్దామనుకుని ఉబ్బసం ఉందా అనడిగారు, చిన్నప్పట్నుంచీ పిల్లికూతలు ఉన్నాయి కాబట్టి అది వద్దని రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. మొదలుపెట్టారు. నోరు ఎండిపోతుంది, పొద్దున మత్తుగా ఉంటుంది, కానీ రెండు నెలలకి తేడా కనిపించింది. వచ్చినప్పటికి సుమాట్రిప్టాన్, అదీ నొప్పి మొదలవగానే. గుండె జబ్బున్నవాళ్ళకి అది ఇవ్వరు కాబట్టి నా చీటీ చూపించి మీరు కొనుక్కోకండి. 2018లో అమెరికాలో వచ్చిన, మైగ్రేన్ రాకుండా వేసే సీజీఆర్‌పీ ఇంజెక్షన్ల గురించి కూడా అడిగా, నీకిప్పుడే అక్కర్లేదన్నారు, రేటు విన్నాక నాకూ అక్కర్లేదనిపించింది.

యోగా మాత్రం నేను వదల్లేదు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు 114 మందిని మూడు నెలలు చూసి 2020లో చెప్పారు, మందుతో పాటు యోగా చేసినవాళ్ళకి నెలకి సగటున 9.1 సార్లు వచ్చేది 4.7కి దిగింది, ఒట్టి మందు వాళ్ళకి 7.7 నుంచి 6.8కే. దీన్ని ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఇద్దరూ మందు వేసుకున్నారన్న ముక్క మాత్రం మింగేస్తారు.

అమ్మమ్మ శొంఠి గురించి కూడా వెతికా. 2014లో ఇరాన్‌లో 100 మందికి కొందరికి అల్లం పొడి, కొందరికి సుమాట్రిప్టాన్ ఇస్తే రెండు గంటలకి ఇంచుమించు ఒకేలా తగ్గిందట, ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చలేదు గనక అంత గొప్పగా చెప్పుకోలేం. పైగా వాళ్ళు మింగించారు, నుదుటికి పూయలేదు. ఈ మాట అమ్మకి చెప్తే "మింగు మరి, ఎవరొద్దన్నారు" అంది.

పోయిన నెల 4 చుక్కలు. మొన్న దగ్గు మందుకని వెళ్తే షాపు కుర్రాడు "ఏంటక్కా, ఇల్లు మారారా" అని అడిగాడు.