మళ్లీ మళ్లీ వచ్చిన పులిపిర్లు: నా అనుభవం

మగ్గం వర్క్‌లో అందరూ చూసేది కుడిచేతినే. పైన ఆరీ సూది ఆడుతుంటే, బట్ట కింద ఎడమచెయ్యి దారం అందిస్తూ ఉంటుంది. నాకు పులిపిరి లేచింది ఆ చేతికే, చూపుడువేలి గోరు పక్కన. నొప్పి లేదు, దురద లేదు. కానీ దాని గరుకుకి సిల్క్ దారం తగులుకుని పీచు లేచేది. ధర్మవరం పట్టు జాకెట్టు మీద పీచు లేచిన దారం కుట్టామా, ఆ వరసంతా విప్పుకోవాల్సిందే. పెళ్లిళ్ల సీజన్‌లో అదెంత టెన్షనో ఈ పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

అనంతపురంలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి వెళ్తే, మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి కరెంటుతో కాల్చేశారు. పుండు మానింది, పీడ పోయిందనుకున్నా. కొన్ని వారాలకి మచ్చ చుట్టూ ఉంగరంలా చిన్నచిన్నవి తేలాయి, నడిమివేలికి కూడా ఒకటి వచ్చింది. మళ్లీ వెళ్తే మళ్లీ కాలుస్తామన్నారు. ఎందుకొస్తున్నాయి సార్ అంటే, "కొందరికి అంతేనమ్మా" అన్నారు. ఆ జవాబుకి కూడా ఫీజు తీసుకున్నారు లెండి.

ఇంట్లో సలహాలకు కొదవా? జేజి గుర్రం తోక వెంట్రుకతో బిగించి కట్టమంది. పక్కింటావిడ సున్నం, చాకలిసోడా కలిపి పెట్టమంది. ఇంకొకరు జీడిగింజ రసం అన్నారు. జీడి పడి ఒళ్లు పొక్కినవాళ్లను చిన్నప్పుడు చూశాను కాబట్టి ఆ ఊసెత్తనివ్వలేదు.

అప్పుడే మా పిన్ని కొడుకు ఊరి నుంచి వచ్చాడు. చైనాలో ఎంబీబీఎస్ చదివి, ఇక్కడ ప్రాక్టీసు పెట్టుకోవడానికి రాయాల్సిన పరీక్షకు చదువుకుంటున్నాడు. నా వేలు చూసి, "అక్కా, అక్కడైతే చల్లటి గ్యాస్‌తో పులిపిరిని గడ్డకట్టించి పంపించేయరు. పుండు మానినాక కషాయంలో చెయ్యి నానబెట్టుకోమని కూడా చెప్తారు" అన్నాడు. చైనాలో పెద్ద ఆసుపత్రుల్లో వాళ్ల పాతకాలపు వైద్యానికి కూడా ఒక విభాగం ఉంటుందట. 1950ల నుంచి అక్కడి ప్రభుత్వమే రెండు వైద్యాల్నీ కలిపి నడపాలని పట్టుబట్టింది.

"ఏం కషాయంరా?" అంటే ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. మొదటిది చూసి నవ్వొచ్చింది. వేరుశనగ చేలో కూలోళ్లను పెట్టి పీకించే తుంగ! దాని గడ్డల్ని, కణుపులు కణుపులుగా పెరిగే ఇంకో మొక్కని కలిపి కాచి, ఆ నీళ్లతో పులిపిర్లు కడగడం అక్కడ పాత పద్ధతి. రెండోది మనం పప్పులో వేసుకునే గంగపాయల కూర. మూడోది ఇసాటిస్ అనే మొక్క వేరు, జలుబు చేస్తే చైనాలో ఇంటింటా నీళ్లలో కలుపుకుని తాగుతారట. జపాన్‌లో కోయిక్స్ అనే గింజల నుంచి తీసిన మందుని డాక్టర్లే పులిపిర్లకు రాస్తారని కూడా చెప్పాడు.

వాడిలో నాకు నచ్చేది, గొప్పలు చెప్పడు. "వీటి మీద పరీక్షలు చాలావరకు చిన్నవక్కా, గట్టిగా పోల్చి చూసినవి తక్కువ. యాదాన్‌జి అని ఒక కాయ ఉంది, దాన్ని నూరి పెడితే మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. నాటుమందు కదా ఏమీ కాదులే అనుకోవద్దు" అన్నాడు. షెన్యాంగ్ డాక్టర్లు 2010లో బయటపెట్టిన పరిశోధన గురించి కూడా చెప్పాడు. అరికాలి పులిపిర్లకు యంత్రంతో 44 డిగ్రీల వేడి అరగంట చొప్పున పెడితే, వేడి పెట్టనివాళ్లకంటే చాలా ఎక్కువమందికి పోయాయట. వేడినీళ్లు పోసుకుంటే సరిపోతుందేమో అన్నాను. కొట్టేలా చూశాడు.

వాడి బలవంతం మీదే సాయినగర్‌లో ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ బ్లేడుతో పైపొర పలచగా గీకింది. లోపల ఆవగింజకంటే చిన్న నల్లచుక్కలు. "ఇవేనా మేడం వేర్లు?" అన్నాను. "వేర్లు కావమ్మా, రక్తం గడ్డకట్టిన సన్ననాళాల కొసలు. పులిపిరికి వేర్లుండవు" అని, అది ఆనెకాయ కాదు, పులిపిరేనని ఆ చుక్కల్ని బట్టే తేల్చింది.

మళ్లీ ఎందుకు వస్తాయో అప్పటికి తెలిసింది. ఇది హెచ్‌పీవీ అనే వైరస్ పని. అది చర్మం పైపొరల్లోనే ఉంటుంది, రక్తంలోకి దిగదు. అందుకే ఒంట్లోని రోగనిరోధక శక్తి దాన్ని తొందరగా పసిగట్టదు. మనం కాల్చేది కంటికి కనబడే గడ్డనే. చుట్టూ నున్నగా కనిపించే చర్మంలో వైరస్ మిగిలే ఉండొచ్చు. పిల్లలకైతే మూడింట రెండొంతుల పులిపిర్లు రెండేళ్లలో వాటంతటవే పోతాయట. నాకు రెండేళ్లు ఆగే ఓపిక లేదు, పని అంతకన్నా ఆగదు.

కషాయం మాట భయపడుతూనే ఎత్తాను. ఆవిడ కోప్పడలేదు. "దాంతో పులిపిరి పోతుందని నేను చెప్పను. పుండు పూర్తిగా మానిన చర్మం మీద, గోరువెచ్చగా ఉంటే చేసుకో. పైకి మాత్రమే, లోపలికి తాగేది ఏదైనా నాకు చెప్పకుండా వద్దు. కాల్చేవి మాత్రం రెండు ఒకేచోట పెట్టకూడదు" అంది.

ఆ చివరి మాట విలువ తర్వాత తెలిసింది. జేజి ఊరుకోక తెలిసిన ఆయుర్వేద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. సుశ్రుత సంహితలోనే చర్మకీలం, అంటే పులిపిరి గురించి ఉందని, ఉత్తరేణి బూడిద నుంచి తీసే క్షారం పెడతామని ఆయన చెప్పారు. క్షారమంటే అదీ కాల్చేదే! నాటు సున్నం, జీడి, చైనా యాదాన్‌జి, ఇంగ్లిషు మందుల షాపులో దొరికే యాసిడ్, అన్నీ ఒక జట్టే. పేర్లు వేరని రెండు వైద్యాలు కలుపుతున్నామనుకుంటాం, నిజానికి పుండు మీద పుండు చేసుకుంటాం. గోరు మొలిచేచోట అలా జరిగితే గోరు జీవితాంతం వంకరగా రావచ్చు. ఆయన మంచివారు. డాక్టరమ్మ రాసిన చీటీ చూసి, "ఆవిడ గ్యాస్ పెడుతున్నప్పుడు నేను క్షారం పెట్టను" అని పంపించేశారు.

గ్యాసంటే లిక్విడ్ నైట్రోజన్, మైనస్ 196 డిగ్రీలు. పొగలు కక్కే డబ్బాలో దూదిపుల్ల ముంచి వేలికి ఆనిస్తే చర్మం తెల్లగా బిగుసుకుపోతుంది. ఆ క్షణం కంటే ఇంటికొచ్చాక సలుపుడు ఎక్కువ. రాత్రికి పొక్కు వచ్చింది, కొన్నాళ్లు సూది పట్టలేదు. రెండు మూడు వారాలకోసారి పెట్టించుకోవాలి కాబట్టి, సీజన్ అయ్యేదాకా కొత్త ఆర్డర్లు తగ్గించుకున్నా.

పొక్కు అణిగి చెక్కు రాలాక ఇంట్లో శాలిసిలిక్ యాసిడ్. గోరువెచ్చని నీళ్లలో వేలు నానబెట్టి, మెత్తబడ్డ పైపొరని ఫైల్‌తో రుద్ది, చుట్టూ వ్యాజ్‌లైన్ పూసి, మధ్యలో చుక్క వేసి టేప్ చుట్టాలి. విసుగొచ్చే పని, కానీ మానకూడదు. ఆ ఫైల్‌ని వేరే గోళ్లకు వాడకూడదు.

తర్వాత పెద్ద పులిపిరిలోకి డాక్టరమ్మ ఎంఎంఆర్ ఇంజెక్షన్ వేసింది. చిన్నపిల్లలకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే టీకానే. ఒంట్లోని రక్షణ బలగం ఆ టీకా కోసం వేలి దగ్గరికి వస్తే, పక్కనే దాక్కున్న పులిపిరి వైరస్‌ని కూడా పట్టుకుంటుందని దాని లెక్క. గర్భిణివా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులేమైనా వాడుతున్నావా అని అడిగాకే వేసింది. ఆ తర్వాత రెండు రోజులు వేలు వాచింది, ఒళ్లు వెచ్చబడింది. ఇంజెక్షన్ వేయని నడిమివేలి పులిపిరి కూడా మెల్లగా ఎండిపోవడం నా కళ్లతో చూశాను.

చర్మం నున్నబడ్డాకే తుంగగడ్డలు, గంగపాయల కూర కాచి, వడగట్టి, చల్లారనిచ్చి రాత్రిళ్లు చెయ్యి పెట్టుకున్నా. పులిపిర్లు మళ్లీ రాకపోవడం ఆ కషాయం చలవేనంటే నేనే నమ్మను. కానీ దానివల్ల ఒక మేలు జరిగింది. రోజూ లైటు కింద కూర్చుని వేలు తిప్పి చూసుకోవడం అలవాటైంది. ఒకసారి గోరు మూలన గుండుసూది మొనంత గరుకు తగిలితే, తేలక ముందే డాక్టరమ్మకి చూపించుకుని గ్యాస్ పెట్టించుకున్నా.

గోరు పక్కన తోలు పంటితో పీకే అలవాటు మానడం మాత్రం అన్నిటికంటే కష్టమైంది. ఆ చిన్నచిన్న గాట్లలోంచే వైరస్ దూరుతుంది, నోటి చుట్టూ కూడా పాకుతుంది. ఇప్పుడు మగ్గం పక్కనే చిన్న కత్తెర కట్టి పెట్టుకున్నా. అంట్లకు గ్లవుజులు, చేతులకు వేరే టవలు.

ఇప్పటికి వేళ్లు శుభ్రంగా ఉన్నాయి, పట్టు దారం తగులుకోవట్లేదు. కానీ మిగిలిన యాసిడ్ సీసా మీద జేజి కన్ను పడింది, తన అరికాలి ఆనెకాయకి వేసుకుంటుందట. ఆమెకు షుగర్ ఉంది, పాదాలకు స్పర్శ తక్కువ. అలాంటి కాళ్లకు యాసిడ్ తగిలి పుండు పడితే మానడం కష్టం. సీసా బీరువాలో పెట్టి తాళం వేశాను. అలిగింది, అయినా సరే, ఈ వారంలో ఆమెను కూడా సాయినగర్ తీసుకెళ్తాను.