ఎల్‌ఓసీ వచ్చేదాకా బెంచీ మీదే

మా ఊరు విజయవాడ. జర్మనీ బాస్కెట్‌బాల్ క్లబ్బు ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజుకీ, ఆడటానికి కోర్టులో దిగిన రోజుకీ మధ్య పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండు వారాల్లో బంతితో పని చాలా తక్కువ.

అసలు సంతకం దాకా రావాలంటే ముందు వీడియో. నాలుగు నిమిషాల హైలైట్స్ ఏజెంటుకే. కోచ్ పూర్తి మ్యాచ్‌లు అడుగుతాడు, కనీసం రెండు. స్క్రీన్ పడినప్పుడు, అంటే ఎదుటి ఆటగాడు మన దారికి అడ్డంగా నిలబడినప్పుడు, మనం ఎటు తిరిగాం, బంతి మన చేతిలో లేనప్పుడు ఎక్కడ నిలబడ్డాం, ఇవన్నీ హైలైట్స్‌లో కనపడవు. గ్యాలరీ పై వరసలో, సెంటర్ లైనుకు ఎదురుగా ట్రైపాడ్ పెట్టి పదిమందీ ఫ్రేములో ఉండేలా తీయించాలి. మనవి చాలావరకు ఔట్‌డోర్ సిమెంటు కోర్టులు కదా, సాయంత్రం మ్యాచ్ అయితే కెమెరా పడమటి వైపే ఉండాలి. లేకపోతే ఎదురెండలో జెర్సీ నెంబర్లు నల్లగా పోతాయి.

జాతీయ జట్టుకు ఆడినవాళ్లకు ఈ తిప్పలు తక్కువ. వాళ్ల మ్యాచ్‌ల వీడియోలు, గణాంకాలు ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) దగ్గరే ఉంటాయి. 2017లో ఆస్ట్రేలియా క్లబ్బులతో, విశేష్ భృగువంశీ అడిలైడ్ 36ఎర్స్‌తో, అమృత్‌పాల్ సింగ్ సిడ్నీ కింగ్స్‌తో ఒప్పందం చేసుకున్నది జాతీయ జట్టు ఆటగాళ్లుగానే. మిగతావాళ్లం స్కోర్‌షీట్లు మనమే దాచుకోవాలి. ఏజెంటుకు ఫీబా లైసెన్సు ఉందో లేదో ఫీబా వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. ఏజెంటు కమీషన్ మామూలుగా 10 శాతం, అది క్లబ్బే కడుతుంది. ముందే డబ్బులు అడిగాడంటే వాడు ఏజెంటు కాదు.

జర్మనీలో చిన్న డివిజన్ క్లబ్బులు గది, భోజనం, నెలకు 800 యూరోలు అంటూ ఆశ చూపిస్తాయి. ఆ జీతానికి మనకు వీసా రాదు. వృత్తి క్రీడాకారుడి వీసాకు నెల జీతం అక్కడి పెన్షన్ బీమా పరిమితిలో (చందా లెక్కగట్టే జీతానికి పై హద్దు) కనీసం సగం ఉండాలి. 2025లో ఆ పరిమితి 8,050 యూరోలు, అంటే అప్పుడు కావలసింది 4,025. అదీ గ్రాస్, అంటే పన్నులు కోయకముందు. క్లబ్బులేమో ఒప్పందంలో నెట్ జీతం, అంటే చేతికొచ్చేది, రాస్తాయి. రెండు అంకెలూ రాయించుకోకపోతే ఫైలు తిరిగొస్తుంది. దీనికి తోడు మన స్థాయిని ధ్రువీకరిస్తూ అక్కడి బాస్కెట్‌బాల్ సమాఖ్య ఒలింపిక్ సమాఖ్య సమ్మతితో ఉత్తరం ఇవ్వాలి. అది తెప్పించే పని క్లబ్బుదే. వీసా అపాయింట్‌మెంట్ నేను చెన్నైలో తీసుకున్నాను. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేవాళ్లు పొద్దుటి స్లాట్ పెట్టుకోవద్దు, బండి చేరేసరికే మధ్యాహ్నం దాటుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ సతాయించింది ఎల్‌ఓసీ, అంటే లెటర్ ఆఫ్ క్లియరెన్స్. ఒక దేశంలో నమోదైన ఆటగాడు ఇంకో దేశంలో ఆడాలంటే ఈ కాగితం తప్పనిసరి. మనం అడిగితే ఇవ్వరు, క్లబ్బు అడిగినా ఇవ్వరు. కొత్త దేశపు సమాఖ్య ఫీబా ఆన్‌లైన్ వ్యవస్థలో అడగాలి, మన సమాఖ్య ఏడు రోజుల్లో జవాబివ్వాలి. పాత క్లబ్బుతో ఒప్పందం ఇంకా నడుస్తుంటే తప్ప కాదనడానికి వీల్లేదు.

నాకు చిక్కొచ్చింది ఇంటిపేరుతో. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్ గడిలో ఉంది. టోర్నమెంటు కార్డులో ఒక్క ఇనీషియల్, అదీ చివర్లో. పదో తరగతి సర్టిఫికెట్లో ఇనీషియల్ ముందుంది. మనకు ముగ్గురూ ఒకరే, కంప్యూటరుకు మాత్రం ముగ్గురు మనుషులు. నోటరీ అఫిడవిట్ చేయించి, రాష్ట్ర స్థాయి కార్డు మార్పించి, ఆ స్కానులు పంపేసరికి పద్దెనిమిది రోజులు పోయాయి. ఇప్పుడు అండర్-16 ఆడుతున్న పిల్లల అమ్మానాన్నలు ఈరోజే ఈ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఉన్నవాళ్లకు శాఖ ఎన్‌ఓసీ, జీతం లేని సెలవు కూడా కావాలి. ఎల్‌ఓసీ సంగతి తర్వాత, ముందు ఆ ఫైలు కదిలించుకోవాలి.

ఒప్పందంలో నేను రెండు చోట్ల పట్టుబట్టాను. ఒకటి, వైద్య పరీక్ష దిగిన మూడు రోజుల్లోపే జరగాలి, ఆ తర్వాత గాయమైనా జీతం ఆగకూడదు. గడువు రాయకపోతే, నెల తర్వాత ఆట నచ్చనప్పుడు మోకాలు బాగాలేదంటారు. రెండోది బీఏటీ (బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్) క్లాజు. 2007 నుంచి జీతం గొడవలు ఈ మధ్యవర్తిత్వంలో తేలుతున్నాయి. తీర్పు ప్రకారం డబ్బు కట్టని క్లబ్బు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫీబా ఆపగలదు. ఫీబా ఇచ్చిన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు పెట్టాలి. అయితే ఖర్చులకు ముందు మనమే డబ్బు కట్టాలి కాబట్టి ఒక నెల జీతం కోసం ఆ దారి పట్టడం దండగ అని నా లెక్క.

పన్ను సంగతి తేలికే. ఆగస్టు 1న బయల్దేరితే ఏప్రిల్ నుంచి అప్పటికి ఇక్కడ గడిపింది 122 రోజులు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకన్నా తక్కువ ఇక్కడ ఉంటే ప్రవాసి లెక్కే, అక్కడి జీతానికి ఇక్కడ పన్ను ఉండదు. మధ్యలో పెళ్లిళ్లకూ పండగలకూ వస్తే ఆ రోజులూ కలుపుకోవాలి.

ఇక కాగితాలు తిరిగే ఆ పదకొండు వారాలు రబ్బరు బంతి పక్కన పెట్టేయండి. అక్కడ ఆడేది లెదర్ లేదా కాంపోజిట్ బంతితో, పట్టు వేరు, సిమెంటు మీద ఎగిరినట్టు చెక్క మీద ఎగరదు. చెక్క కోర్టు దొరికినన్ని రోజులూ దాని మీదే షూటింగ్ చేయాలి, మూడు పాయింట్ల గీత 6.75 మీటర్ల దగ్గరే ఉందో లేదో టేపుతో కొలుచుకుని మరీ. మన పాత గీతలు చాలా కోర్టుల్లో ఇంకా 6.25 దగ్గరే ఉన్నాయి.