పైడిభీమవరానికి మూడు భాషల్లో ఒకే హ్యాష్: పని ఎంతవరకు వచ్చింది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బస్టాపుల జాబితా ఇది. ల్యాప్‌టాప్‌లో పైథాన్ తయారు చేస్తుంది, ఫోన్‌లో జావా చదువుతుంది, బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ వెతుకుతుంది. ఊరి పేరు నుంచి పుట్టే 32 బిట్ల సంఖ్యతోనే (దీన్నే హ్యాష్ అంటారు) వెతుకులాట కాబట్టి మూడు చోట్లా అదే రావాలి.

పైథాన్ సొంత హ్యాష్ ఇందుకు పనికిరాదు. 3.3 నుంచి అది ప్రోగ్రామ్ నడిపిన ప్రతిసారీ పదానికి వేరే విలువ ఇస్తుంది. అందుకే ఎఫ్‌ఎన్‌వీ-1ఏ అనే హ్యాష్ లెక్కను సొంతంగా రాసుకోవడమే మేలు. 2166136261తో మొదలుపెట్టి, ఒక్కో బైట్‌ను ఎక్సార్ చేసి (బిట్లు వేరైన చోట 1, ఒకటైన చోట 0), 16777619తో గుణించి, కింది 32 బిట్లే ఉంచాలి. ముందు గుణించి తర్వాత ఎక్సార్ చేస్తే అది ఎఫ్‌ఎన్‌వీ-1, వేరే లెక్క.

ఇంగ్లిష్ చిన్నబడి ‘ఏ’ అక్షరానికి (బైట్ 97) 3826002220 రావాలి. జావాలో -468965076 కనిపిస్తే కంగారొద్దు. బిట్లు అవే, గుర్తు మాత్రమే వేరు. పైథాన్‌లో సంఖ్య ఎంతైనా పెరిగిపోతుంది, ప్రతి గుణకారం తర్వాత & 4294967295 (కింది 32 బిట్లే ఉంచేది) తప్పదు. జావాస్క్రిప్ట్‌లో మామూలు గుణకారం 2 ఘాతం 53 దాటగానే చివరి అంకెలు మింగేస్తుంది. మ్యాథ్.ఇమల్ (32 బిట్ల గుణకారం) వాడి, చివర్లో >>> 0 (గుర్తు లేని సంఖ్యగా మార్చేది) పెట్టాలి.

ఆ ఒక్క అక్షరం కలిసిందని సంబరపడితే తెలుగు దగ్గర బోల్తా. ‘ప’ యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) 224, 176, 170 అనే మూడు బైట్లు. జావా బైట్‌కు గుర్తుంటుంది కనుక 224 కాస్తా -32 అవుతుంది, ఎక్సార్‌లో పై 24 బిట్లూ తిరగబడతాయి. & 255 పెట్టి కింది 8 బిట్లే ఉంచితే సరి. 97 లాంటి 128 లోపు బైట్లతో ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు, పరీక్షకు తెలుగు పేరే పెట్టాలి. జావాస్క్రిప్ట్‌లో చార్‌కోడ్‌ఎట్ వాడితే మూడు బైట్లకు బదులు 3114 అనే ఒక్క సంఖ్య వస్తుంది. టెక్స్ట్‌ఎన్‌కోడర్ ద్వారానే బైట్లు తీయాలి. జావా 18కి ముందు, బైట్లు తీసే గెట్‌బైట్స్‌కు యూటీఎఫ్-8 అని విడిగా చెప్పాలి.

ఇన్నీ సరిచేశాక కూడా మొండికేసింది పైడిభీమవరం. పేరు మొదట్లోనే ఐత్వం. దాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చీ రాయొచ్చు. తెరమీద తేడా కనపడదు, బైట్లు మాత్రం 30 ఒకచోట, 33 ఇంకోచోట. హ్యాష్‌కు ముందు మూడు చోట్లా ఎన్‌ఎఫ్‌సీ అనే ఏకరీతి యూనికోడ్ రూపంలోకి మార్చడమే మందు. పదం మధ్య నక్కిన, కంటికి కనపడకుండా అక్షరాలను విడదీసే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను ఎన్‌ఎఫ్‌సీ ముట్టుకోదు. చివరి ఖాళీతోపాటు దాన్నీ విడిగా తీసేయాలి. కొన్ని పదాల్లో అది అవసరమే, కానీ ఈ జాబితాకు తీసేసినా నష్టం లేదు.

రెండు వేల పేర్లకు రెండు ఒకే సంఖ్యలో ఢీకొనే అవకాశం సుమారు 2,150లో ఒకటి. 64 బిట్లకు వెళ్తే జావాస్క్రిప్ట్‌లో బిగ్‌ఇంట్ (పెద్ద పూర్ణాంకాల రకం) తగిలించుకోవాలి. అంతకంటే జాబితా తయారయ్యేటప్పుడే పైథాన్‌తో ఢీకొన్నవాటిని పట్టుకోవడం తేలిక. ప్రస్తుతానికి అదే నడుస్తోంది.